డ్రోన్‌కు బోణీ

బరంపురం గేట్ బజార్ హోల్‌సేల్ వర్తకులు దేశరక్షణలో తమ వంతు బాధ్యత స్వీకరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇకపై యుద్ధాలన్నీ ఆకాశంలోనే జరుగుతాయని టీవీలో ఎవరో చెప్పగా విని, పప్పుల వ్యాపారి వైకుంఠరావు గారి అధ్యక్షతన 'భావి భద్రతా సన్నాహక సంఘం' ఏర్పడింది. సంఘం ఒక డ్రోన్ కొని, దానికి మైకు బిగించింది. వాన పడితే బజారులో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి గాని, అది పాత సవాలు కనుక సంఘం పరిధిలోకి రాదు.

గురువారం మధ్యాహ్నం డ్రోన్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. అధ్యక్షులవారు ప్రసంగించారు.

"శత్రువు సెప్పి రాడు. రేపొచ్చే యుద్ధానికి ఈయేళే మనం తయారవ్వాల!"

చప్పట్లు ఆగాక చిక్కు బయటపడింది. కొత్త తక్కెడైనా, కొత్త కొట్టైనా పూజ చేసిన పూట బోణీ కాకపోతే అచ్చిరాదని మన బజారు నమ్మకం. ఆయుధానికి బోణీ అంటే శత్రువు కావాలి. ఒంటిగంటన్నరకు రాహుకాలం. ఆలోపు ఏ దేశమూ దండెత్తే సూచన లేదు. ఒడిశాలో ఉన్న మనకు దగ్గరి సరిహద్దు ఆంధ్రాది. అటునుంచి వచ్చేవాళ్లంతా మన వియ్యంకులే.

"ఏటి సూస్తన్నారు?" అని అధ్యక్షులవారు విసుక్కున్నారు. "మా కొట్టు కాడ కూర్మమ్మ నేదా?"

కూర్మమ్మ రోజూ తొలి బస్సుకు చికిటి నుంచి గోంగూర తెచ్చి, ఆయన కొట్టు పక్కన రెండడుగుల చోట ముప్పయ్యేళ్లుగా అమ్ముతోంది. ఇల్లు గడిచేది ఆ రెండడుగుల మీదే. అది వ్యూహాత్మక ప్రాంతమని అప్పటికప్పుడు తీర్మానించారు.

సెల్‌ఫోన్ల కొట్టు కిరణ్ డ్రోన్ లేపాడు. అది ఆవిడ నెత్తి మీదికొచ్చి, చోటు ఖాళీ చేయాలని ఒడియాలోనూ తెలుగులోనూ హెచ్చరించింది. రెక్కల గాలికి గోంగూరంతా లేచి కాలువలో పడింది.

"బాబూ, నానేటి సేసినాను? ఇన్నేళ్లూ ఇక్కడే కదా కూకున్నాను!" అని కూర్మమ్మ పైకి చూసి దండం పెట్టింది. జవాబు చెప్పే సదుపాయం డ్రోన్‌లో లేదు.

శత్రువు ఖాళీ గంపతో చికిటి బస్సెక్కిందని ఒంటిగంట ఇరవైకి ప్రకటన వెలువడింది. మన వైపు నష్టమేమీ లేదు. విముక్తమైన రెండడుగుల్లో అధ్యక్షులవారి శనగపప్పు బస్తాలు మోహరించాయి.

నిజం చెప్పాలంటే నాకిది అన్యాయమనిపించింది. ఈ విజయం వీడియో బజారు వాట్సాప్ గ్రూపులోకి వచ్చినప్పుడు నాలుగు మాటలు గట్టిగా రాద్దామనుకున్నాను. ఊళ్లో వ్యాపారం చేసుకునేవాణ్ణి. జెండా బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. మీరేమీ నవ్వనక్కర్లేదు. ఆ గ్రూపులో నా జెండా కంటే ముందు పడింది మీ జెండాయే.