ఉలవచారుపై రాయి వాంగ్మూలం

నూకరత్నం పిత్తాశయంలోని రాయి మంగళవారం పదకొండు గంటలకు సాక్ష్యం చెప్పింది. ఆ ఊళ్లో చిట్కాల ధ్రువీకరణ కార్యాలయం తెరిచినప్పటి నుంచీ అదే పద్ధతి. ఏ చిట్కాకు ముద్ర పడాలన్నా ముందు రాయిని విచారించాలి. గుమాస్తా తాతాజీ ఆవిడ కుడి డొక్కకు గొట్టం ఆనించి ఫారం తెరిచాడు.

దరఖాస్తు పెట్టింది ఆడపడుచు సత్యవేణి. నలభై రోజులుగా తెల్లారకముందే లేచి, ఉలవచారు కాచి, గిన్నె చల్లారకుండా చెంగు కింద పెట్టుకుని తెస్తోంది. ఆవిడ మొగుడికి కిడ్నీలో రాయి ఆ చారుతోనే పడిపోయిందట. రాయి రాయే కదా, ఎక్కడుంటేనేం అని ఆవిడ ధీమా.

"చారుకి మీరేమైనా కరిగారా?" అన్నాడు తాతాజీ.

"లేదండి. సత్యవేణిగారి చెయ్యి మహా మంచిదండి. కానీ నేనుండే వీధి వేరండి, ఆ చారు నా గుమ్మంలోకే రాదండి. పైగా కాస్త పెరిగాను కూడానండి, ఆయ్!"

ఫారంలో ఎంత తగ్గిందో రాయడానికి గడి ఉంది. తగ్గకపోతే రాయడానికి లేదు. తాతాజీ 'చెయ్యి మహా మంచిది' అని రాసుకున్నాడు. అందుకే ఆ ఆఫీసులో పనిచెయ్యని చిట్కా ఇంతవరకూ నమోదు కాలేదు.

శుక్రవారం నొప్పి ప్రాణం మీదికొచ్చింది. డాక్టరమ్మ కోసి, రాయిని సీసాలో వేసిచ్చింది.

సత్యవేణి ఆ సీసా చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా చారుకి కదిలింది కాబట్టే ఊడొచ్చిందే రత్నం! లేకపోతే అంత రాయి కత్తికి లొంగేదా?"

సీసాలో రాయి ఏదో చెప్పబోయింది. నూకరత్నానికి ఆడపడుచంటే ప్రాణం. నలభై పొద్దులు వేడివేడిగా వచ్చిన ఆ గిన్నె గుర్తొచ్చి, మూత గట్టిగా బిగించింది. చారుకే తగ్గిందని తాతాజీ ఫారం మీద సంతకం పెట్టింది.

వారం తిరక్కుండా పొరుగూరి గంగాభవాని వచ్చింది. ఒక చెయ్యి కుడి డొక్క మీద, రెండో చేతిలో ఆసుపత్రి చీటీ. కళ్లు పచ్చగా ఉన్నాయి. గోడకు తగిలించిన ధ్రువపత్రాన్ని రెండుసార్లు చదివింది.

"నిజంగా చారుకే తగ్గిందా అక్కా? నాకు రేపే ఆపరేషనంట. నువ్వు చెబితే మానేత్తాను."

వంటింటి గుమ్మంలో సత్యవేణి గరిట పట్టుకుని నిలబడి ఉంది. నూకరత్నం ఆవిడ ముఖం చూసింది.

"తగ్గిందమ్మా," అంది.

అలమరలో సీసా టకటకలాడింది. మూత బిగువుగానే ఉంది. సత్యవేణి లోపలికెళ్లి ఇంకో సోలెడు ఉలవలు నానబోసింది.