పరాకులో పోయిన గంట

ఆ ఉదయం టీచరమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చెల్లెలిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, సాయంత్రానికల్లా తిరిగి వచ్చేస్తుంది. ఈలోగా వడ్రంగి వచ్చి, హాల్లోని చెక్క బీరువాకి కీచుమని అరుస్తున్న ఎడమ తలుపు సరిచేసి వెళతాడు. భర్త చేయవలసిందల్లా అతనికి ఆ తలుపు చూపించడమే.

"ఏమండీ, ఎడమది. కుడిది కాదు. వింటున్నారా?"

"ఊఁ," అన్నారు సారంగుగారు.

వినలేదు. వరండాలో పడక్కుర్చీలో ఉన్నట్టు కనిపిస్తున్న ఆ మనిషి అప్పటికే నది మధ్యలో ఉన్నారు.

ఉద్యోగమంతా నది మీద లాంచీ నడిపే సారంగు ఆయన. వంతెన వచ్చాక లాంచీలు ఒడ్డెక్కాయి, వాటితోపాటు ఆయనా ఒడ్డెక్కారు. అయినా వీధిలో అందరికీ ఇప్పటికీ సారంగే. చేతిలోకి కాఫీ గ్లాసు రాగానే మేడ కింది వీధి మెల్లగా నీళ్లయిపోయేది. బస్సులు లాంచీలయ్యేవి. మలుపు దగ్గర నిలబడ్డవాళ్లు రేవులో ప్రయాణికులయ్యేవారు. తడిసిన మోకుల బరువు అరచేతులకు తెలిసేది, డీజిలు వాసన ముక్కుకు సోకేది, నీళ్ల మీద పొగమంచు కదిలేది. ఆ స్థితిలో ఎవరేమడిగినా ఆయన నోటి నుంచి వచ్చేది "ఊఁ" ఒక్కటే. అందులో అవునని గాని కాదని గాని అర్థమేమీ ఉండదు. ఆ సంగతి తెలిసిన టీచరమ్మ ముఖ్యమైన విషయాలు రెండుసార్లు అడుగుతుంది. ఆవేళ బస్సుకి ఆలస్యమై ఒకసారే అడిగింది.

ఆయన్ని ఆ పరాకులోంచి లాగగలిగేది ఒకే ఒక్కటి, లాంచీ గంట. ఉద్యోగం చివరి రోజున తోటివాళ్లు ఇచ్చిన ఆ ఇత్తడి గంట బీరువా పై అరలో ఉండేది. ఆయన దాన్ని తరచూ తీసి తుడిచేవారు, తుడిచినప్పుడల్లా అది ఇల్లు అదిరేలా మోగేది. "ఈ గుదిబండని ఎవరికైనా ఇచ్చేయకూడదూ? నా చెవులు చిల్లులు పడుతున్నాయి," అని టీచరమ్మ ఏళ్లుగా పోరేది. అప్పుడు మాత్రం ఆయన ఏ నది మధ్యలో ఉన్నా తేలి వచ్చి "కుదరదు," అనేవారు.

టీచరమ్మ అటు వెళ్లిందో లేదో, కింది వాటాలో ఉండే సెక్రటరీ వచ్చాడు. ఆ భవనంలోని అందరి మంచిచెడ్డలూ తన నెత్తిన వేసుకున్న మనిషి.

"సారంగుగారూ, కింద హాలుకి రంగులేస్తున్నారు. సాయంత్రం మీటింగు మీ ఇంట్లో పెట్టుకుందామా?"

"ఊఁ."

"డాబా తలుపుకి తాళం పడాల్సిందేనని నా పట్టు. మీరు నా వైపేగా?"

"ఊఁ."

సెక్రటరీ ఛాతీ ఉబ్బించుకుని మెట్లు దిగాడు. అతని అడుగుల చప్పుడు ఆగకముందే పై వాటా ఆవిడ వచ్చింది. డాబా నిండా మొక్కలు పెంచుతుంది కనుక ఆవిడ అందరికీ కుండీలావిడ.

"బాబాయిగారూ, తాళమేస్తే నా మొక్కల గొంతు తడిపేదెవరు? మీరైనా నా తరఫున మాట్లాడతారా?"

"ఊఁ."

"మీ మాట చాలు బాబాయిగారూ!" అని ఆవిడ కళ్లు ఒత్తుకుంది.

టీచరమ్మ మూతపెట్టి వెళ్లిన భోజనం ముగించి సారంగుగారు మళ్లీ నదిలోకి దిగారు. అప్పుడొచ్చాడు వడ్రంగి.

"ఏ తలుపు సార్?"

"ఊఁ."

"ఎడమదా, కుడిదా?"

"ఊఁ."

"రెండూనా?" వడ్రంగి బీరువా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "అసలు బీరువానే వదులైపోయింది సార్. కొట్టుకి పట్టుకెళ్లి మొత్తం విప్పి, మళ్లీ బిగించమంటారా?"

"ఊఁ."

అరల్లో ఉన్నవన్నీ తెచ్చి వరండాలో కుప్పపోసి, బీరువాను బండి మీద వేసుకుని అతను వెళ్లిపోయాడు. ఎండ తగ్గాక పాత సామాన్ల వ్యాపారి తోపుడుబండి తోసుకుంటూ ఆ దారిన వచ్చాడు. కింద నుంచి కుప్పను చూశాడు. పైకొచ్చాడు.

"ఇవన్నీ పాత సామాన్లకి వేసేసేవేనా బాబుగారూ?"

"ఊఁ."

అతను అన్నీ మూటగట్టుకుని, బదులుగా రెండు నీలం రంగు ప్లాస్టిక్ బకెట్లు పడక్కుర్చీ పక్కన పెట్టాడు. కాళ్ల కింది చాప కూడా లాగబోతే సారంగుగారు పాదాలు పైకెత్తి సహకరించారు. లాంచీలోకి నీళ్లు వస్తున్నాయని ఆయన అనుకున్నారు.

నీళ్లు తగ్గాయి. పొగమంచు చిక్కబడింది. రేవు దగ్గరపడుతోంది, గంట కొట్టాలి. ఆయన వేళ్లు తాడు కోసం గాలిలో వెతికాయి. ఠంగ్, ఠంగ్ మని గంట మోగింది. ఇన్నేళ్ల జ్ఞాపకాల్లో అంత స్పష్టంగా అది ఎన్నడూ మోగలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. కానీ గంట మోగాక రేవు దగ్గరికి రావాలి కదా, గంటే దూరమవుతోందేమిటి?

కళ్లు తెరిచారు. నది పోయింది. గంట మాత్రం మోగుతూనే ఉంది, వీధి చివర, తోపుడుబండి చక్రం గుంతలో పడ్డప్పుడల్లా.

ఆయన లేచి చుట్టూ చూశారు. హాల్లో బీరువా లేదు, వరండాలో చాప లేదు, పక్కన బకెట్లున్నాయి. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి టీచరమ్మ చెప్పు తొడుక్కుని మెట్ల మీదికి ఉరికారు. మీటింగుకి కుర్చీ మోసుకొస్తున్న సెక్రటరీ ఎదురయ్యాడు.

"ఎక్కడికండీ? తాళం విషయంలో నా వైపన్నారు!"

"మీ వైపేమిటి? నా వైపన్నారు!" అంది పైనుంచి దిగుతున్న కుండీలావిడ.

"నేనెవరి వైపూ కాదు! నా గంట పోయింది!"

"గంటేం పోలేదండీ, మీటింగు ఇంకా మొదలే కాలేదు," అన్నాడు సెక్రటరీ.

సారంగుగారు పరుగందుకున్నారు. మాట తప్పిన మనిషిని వదిలేది లేదని ఇద్దరూ వెంటపడ్డారు. కుర్చీ ఎక్కడ పెట్టాలో తోచక సెక్రటరీ దాన్ని మోస్తూనే పరుగెత్తాడు. వడ్రంగి తన కొట్టు ముందు వీళ్లని చూసి, "సార్, బీరువా మొత్తం విప్పేశాను! ఏ ముక్క ఎక్కడిదో మీరొకసారి చెబితే..." అంటూ వాళ్ల వెనక చేరాడు.

పాత సామాన్ల కొట్టు దగ్గర అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. దినపత్రికల దొంతర మీద టీచరమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో గంట. బస్సు దిగుతూ బండిలో గంటను చూసి, కొట్టుదాకా వెంటపడి వచ్చిందట.

"బకెట్లిచ్చి తెచ్చుకున్నానమ్మా. నాది కాదంటే ఎలా?" అని వ్యాపారి మొత్తుకుంటున్నాడు.

"తక్కినవి ఏం చేసుకుంటావో చేసుకో. ఇది మాత్రం ఇక్కడ ఉండదు," అంది టీచరమ్మ.

సారంగుగారు ఆయాసపడుతూ ముందుకొచ్చారు. "ఇచ్చేయమని... నువ్వేగా పోరేదానివి?" అన్నారు.

"ఇచ్చేయమన్నాను. పోవాలన్నానా?"

ఆయన గంట అందుకోబోయారు.

"ఇది ఎవరికోసం మోగేదో నాకు తెలీదనుకున్నారా ఇన్నాళ్లూ?" అంది టీచరమ్మ, వీధిలో ఉన్నామన్న సంగతి మరిచిపోయి. "అవతలి ఒడ్డున బడి, రోజూ నేనాలస్యమే. నేను సందు మలుపు తిరిగేదాకా లాంచీ కదిపేవారా? గంట కొడుతూనే ఉండేవారు. జనం తిడుతుంటే పొగమంచండీ, ఏం చేయమంటారు అనేవారు. నడి ఎండాకాలంలో పొగమంచేమిటండీ?"

సారంగుగారు తల వంచుకున్నారు. పరాకులో ఎన్నిసార్లు ఆ రేవు చేరినా, ఆయన చూసేది గొడుగు ముడుస్తూ పరుగెత్తుకొచ్చే ఒక్క మనిషినే. ఆ మనిషికి ఈ సంగతి తెలియదనుకుని ఆయన ఇన్నేళ్లూ గుట్టుగా దాచుకున్నారు.

"పొగమంచు... కొంచెం ఉండేది," అన్నారు నెమ్మదిగా.

కుండీలావిడ ముక్కు చీదుకుంది. సెక్రటరీ తను మోసుకొచ్చిన కుర్చీ నేల మీద దించి, సారంగుగారిని అందులో కూర్చోమన్నాడు. వ్యాపారి కూడా మెత్తబడ్డాడు. బకెట్లు వెనక్కి ఇస్తే చాప, తక్కిన సామాన్లు కూడా తీసుకెళ్లమన్నాడు. బీరువా ముక్కల సంగతి తర్వాత చూద్దామని వడ్రంగి బకెట్లు తేవడానికి బయలుదేరాడు.

అందరూ ఎలాగూ అక్కడే ఉన్నారు కనుక మీటింగు ఆ కొట్టు ముందే జరిగిపోయింది. డాబా తలుపుకి తాళం వేయాలనీ, తాళంచెవి మాత్రం ఎప్పుడూ ఆ తాళానికే ఉంచాలనీ సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు.