మార్లిస్‌కు ఏ పాలసీ ఉంది?

మంగళవారం పొద్దున ఆరిన్ స్కోగ్‌లండ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగడం, కంప్యూటర్ ముందు కూర్చుని పన్ను లెక్క పంపించేయడం, పదింటికల్లా షెడ్డులోకి వెళ్ళి పడవ ఇంజన్లు విప్పుకోవడం. సరస్సు మీద మంచు కరుగుతోంది. ఊళ్ళోని పాడైన పడవలన్నీ అతని షెడ్డు ముందే పడి ఉన్నాయి.

బడి ఆఫీసులో ఉద్యోగానికి బయలుదేరుతూ అతని భార్య మార్లిస్ గుమ్మంలో ఆగింది. "రేపే ఆఖరి రోజు. ఇవాళ మధ్యాహ్నంలోగా పంపించలేదో, వచ్చే ఏడాది నుంచి ఆ కుర్చీలో నేనే కూర్చుంటా."

"ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ పని ఎవరు చేస్తున్నారు తల్లీ? ఒక్కసారైనా నిన్ను ఏమైనా అడిగానా?"

"అదే నా భయం," అని ఆమె కారెక్కింది.

ఆ ఇంట్లో ఖర్చులు, పిల్లల పెళ్ళిళ్ళు, చివరికి కుక్కకు వేయించే టీకాలు కూడా మార్లిస్ చేతిలోవే. ఆరిన్‌కు మిగిలింది ఈ పన్ను కుర్చీ ఒక్కటే. అదీ పోతే తనకంటే కుక్కకే హోదా ఎక్కువవుతుందని అతని బెంగ.

తొమ్మిదిన్నర దాకా అంతా సాఫీగానే సాగింది. అప్పుడొచ్చింది ఆరోగ్య పొదుపు ఖాతా. మందులకూ డాక్టర్లకూ ఉంటుందని కిందటి ఏడాది నుంచే మార్లిస్ జీతంలోంచి నెలనెలా కొంత, పన్ను పడకుండా, అందులోకి పోతుంది. సాఫ్ట్‌వేర్ మర్యాదగానే అడిగింది: మీ జీవిత భాగస్వామికి ఏ నెలలో ఏ ఆరోగ్య బీమా ఉంది? ఒంటరి పాలసీనా, కుటుంబ పాలసీనా, అసలేమీ లేదా?

ఆరిన్ గడ్డం గోక్కున్నాడు. ఆస్పత్రిలో మార్లిస్ వేలు పెట్టి చూపించిన చోట సంతకం చెయ్యడం తప్ప బీమా గురించి అతనికి తెలిసింది సున్న. 'ఏమీ లేదు' నొక్కాడు. తెర ఎర్రబడింది. అర్హత లేకుండా ఖాతాలో డబ్బు వేశారట, జరిమానా కట్టాలట. కంగారుపడి 'ఒంటరి' నొక్కాడు. జరిమానా కాస్త తగ్గింది గానీ ఎరుపు పోలేదు. 'కుటుంబం' జోలికి వెళ్ళనే లేదు. పిల్లలిద్దరూ ఎప్పుడో ఎవరి కాపురాలకు వాళ్ళు వెళ్ళిపోయారు, ఇంకెక్కడి కుటుంబం అనుకున్నాడు మహానుభావుడు.

మార్లిస్‌కు ఫోన్ చేస్తే అర నిమిషం పని. చేస్తే మాత్రం కుర్చీ పోతుంది. అందుకని ఆమె ఆఫీసులోనే ఉద్యోగుల కాగితాలు చూసే వెర్నాకు చేశాడు.

"వెర్నా గారూ, మా ఆవిడకు మీ దగ్గర బీమా ఏమైనా ఉందా? ఉంటే ఏ నెల దాకా?"

"అలా చెప్పకూడదండీ. ఆమెనే అడగొచ్చుగా?"

"అమ్మో! నేను అడిగానని ఆమెకు అస్సలు తెలియకూడదు."

వెర్నా గొంతు తగ్గించింది. "అంత తొందరగా తేల్చుకోవాలా?"

"మధ్యాహ్నంలోగా తేలిపోవాలి. ఇరవై తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను. మేమిద్దరం కలిపి ఉన్నట్టా, విడివిడిగా ఉన్నట్టా, అదొక్కటి తెలిస్తే చాలు."

"దేవుడా! ధైర్యంగా ఉండండి," అని వెర్నా ఫోన్ పెట్టేసింది. పన్ను లెక్కకు ధైర్యం ఎందుకో ఆరిన్‌కు అర్థం కాలేదు.

మా ఊళ్ళో ఎవరి కాపురం కూలినా, ఎవరి ప్రాణం మీదికి వచ్చినా ఏమైందని నోరు తెరిచి అడగరు. మాంసమూ కూరలూ కలిపి, పైన బంగాళదుంప ఉండలు పేర్చి, ఒక హాట్‌డిష్ కాల్చి తెచ్చి ఇస్తారు. వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతారు. వెర్నా చర్చిలో పాటల బృందానికి పెద్ద; ఆ బృందం చెవిన పడితే ఊరందరికీ తెలిసినట్టే. పదిన్నరకు పక్కింటి ఆర్డిస్ గారు మొదటి హాట్‌డిష్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"తిండి మాత్రం మానకు నాయనా. మంచు బాగానే కరుగుతోంది కదూ?"

"అవునండీ," అన్నాడు ఆరిన్. ఆవిడ కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

పదకొండుకు బల్ల మీద నాలుగు హాట్‌డిష్‌లు చేరాయి. అయిదోది పాస్టర్ గారే స్వయంగా తెచ్చారు. ఆయన కాఫీని మెచ్చుకుని, గొంతు సవరించుకుని, "ఉండటానికి ఎక్కడైనా చోటు చూసుకున్నావా?" అన్నారు.

ఈ రోజు పని గురించి కాబోలనుకుని, "షెడ్డు ఉందిగా, పాస్టర్ గారూ. ఇంక రోజంతా అక్కడే," అన్నాడు ఆరిన్.

పాస్టర్ గారు అతని చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పదకొండున్నరకు మార్లిస్ కారు వాకిట్లో కీచుమంది. పొద్దుటినుంచీ ఆఫీసులో ప్రతివాళ్ళూ ఆమె భుజం తట్టిపోతున్నారట. ఎవరూ ఏమీ చెప్పరు. వెర్నా నోట మాత్రం బీమా, ఆరిన్, రహస్యం అనే మూడు మాటలు జారాయి. మార్లిస్ వాటిని తనకు తోచినట్టు కలుపుకుంది. లోపలికి వస్తూనే భర్త మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏం జబ్బు, ఆరిన్? ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావు? నాక్కూడా చెప్పకూడదా?"

చిన్న జబ్బేదో ఒకటి ఒప్పుకుంటే ఈ ఏటికి కుర్చీ దక్కుతుందని ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ ఆమె అప్పటికే అతని నుదురు తాకి జ్వరం చూస్తోంది. ఆరిన్‌కు సిగ్గేసింది.

"జబ్బు కాదు మార్లిస్. నీకు ఏ పాలసీ ఉందో నాకు తెలీదు."

ఆమె తెర వంక చూసింది, హాట్‌డిష్‌ల వంక చూసింది, చివరికి అతని వంక చూసింది. "దీనికోసమా నేను దారంతా ఏడ్చుకుంటూ వచ్చింది? నన్ను అడిగితే నీ సొమ్మేం పోయిందయ్యా?"

"కుర్చీ," అన్నాడు ఆరిన్ నెమ్మదిగా.

"పన్నెండేళ్ళుగా నువ్వున్నది నా పాలసీలోనే, దద్దమ్మా! ఇద్దరం ఉన్నాంగా, కుటుంబ పాలసీ కావడానికి అది చాలు. లే!"

అతను అప్పటికే లేచాడు. ఆమె పన్నెండు నెలలకూ 'కుటుంబం' నొక్కింది. ఎరుపు పోయింది. తర్వాత పనిలో పనిగా తన పేరు పైకి జరిపి, జీవిత భాగస్వామి అన్నచోట ఆరిన్ పేరు దించింది. పన్నెండుకు పది నిమిషాలుండగా లెక్క వెళ్ళిపోయింది. ఆదివారం చర్చిలో అందరూ ఆ ఇద్దరినీ చూసి, మళ్ళీ కలిసిపోయారని సంతోషించారు.

మరుసటి ఏప్రిల్లో సాఫ్ట్‌వేర్ అదే ప్రశ్న ఆరిన్ గురించి అడిగింది. అతను పక్కనే కూర్చుని ఉన్నా, ఇలాంటివి తెలిసినవాళ్ళే చూసుకోవడం మంచిదని మార్లిస్ అతన్ని అడగలేదు.