మెషీన్ తలుపు వైపే ఎందుకు నడిచింది

ఆ ఉదయం ఇల్లాలి పథకం చిన్నదే. వాషింగ్ మెషీన్ బట్టలు పిండేటప్పుడల్లా ఉన్నచోట ఉండక తలుపు వైపే ఎందుకు నడుస్తుందో తేల్చేయాలి. వారం రోజులుగా అది ఆగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసి, పక్కన ఏ బట్టలు వేసిందో రాస్తోంది. పది గంటలకు మెకానిక్ వచ్చి దాన్ని షాపుకు పట్టుకుపోతాడు. ఇక మిగిలింది ఒక్క ఉతుకే.

"ఫోన్‌ని అడిగితే రెండు సెకన్లలో చెప్పేస్తుంది కదే!" అన్నాడు భర్త.

"చెప్తుంది. అందుకే అడగను. ఈ బుర్ర ఉన్నది జడేసుకోడానికేనా?" అందావిడ, బోర్లా పడుకుని మెషీన్ కాళ్లకేసి చూస్తూ.

ఆయన ఊరుకోవచ్చు కదా! 'మా ఆవిడ నేల మీద గీతలు గీస్తోంది, మెషీన్‌తో మాట్లాడుతోంది, ఎందుకు?' అని తనే ఫోన్‌ని అడిగాడు. అది ఏమాత్రం తడుముకోకుండా ఏడు జబ్బులు చెప్పింది. ఆయన హడలిపోయాడు. ఆ జాబితాను బావమరిదికి పంపాడు. బావమరిది మొత్తం చదివే ఓపిక లేక చివరిదొక్కటే చదివి తల్లికి చెప్పాడు. ఆవిడ ఫోన్‌లోనే శోకాలు మొదలుపెట్టింది.

పది కాకముందే ఇల్లు నిండిపోయింది. కింది వాటావిడ పళ్లు తెచ్చింది. తమ్ముడు క్లినిక్ నుంచి డాక్టరుగారిని ఉన్నపళంగా లాక్కొచ్చాడు. మెకానిక్ ఇంతమందిని చూసి, చెప్పులు బయటే విప్పి, పోయిందెవరని మెల్లగా అడిగాడు.

"అక్కా, ఆ మెషీన్ ఇచ్చేసి రెండ్రోజులు పడుకోవే" అన్నాడు తమ్ముడు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. మెషీన్‌కు అడ్డంగా నిలబడింది.

"ఇవ్వను! దుప్పట్లు వేస్తే మూడు జానలు నడిచింది, చొక్కాలు వేస్తే కదల్లేదు. తడిసిన దుప్పటి ఉండచుట్టుకుని ఒక పక్కకు బరువవుతోంది. ఇదంతా ఎవర్నీ అడక్కుండా నేను కనిపెట్టాను! తెలుసుకోవాలనుకోవడం జబ్బయితే, డాక్టరుగారూ, మీ మందు నాకొద్దు!"

నాడి చూడబోయిన డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అది సరేనమ్మా. మరి తలుపు వైపే ఎందుకు? గోడ వైపు పోవచ్చుగా?"

"అదొక్కటే తేలలేదు. మెషీన్ కాలు పొట్టో, నేలే వాలుందో! వెనక్కి తిప్పిపెట్టి దుప్పట్లు వేద్దాం. అప్పుడూ తలుపుకేసే వస్తే తప్పు నేలది."

భర్త జేబులోంచి ఫోన్ తీయబోయాడు. "లోపల పెట్టండి!" అని డాక్టరు కసిరాడు.

మెకానిక్, తమ్ముడు కలిసి మెషీన్ తిప్పారు. అందరూ నేల మీద చతికిలబడ్డారు. ఉతుకు అయింది, పిండడం మొదలైంది. మెషీన్ గడగడలాడుతూ తలుపుకేసే బయల్దేరింది.

"నేలే!" అని ఆవిడ ఎగిరి గంతేసింది. తమ్ముడి ఫోన్‌లో ఇదంతా వింటున్న తల్లి అక్కణ్ణుంచే చప్పట్లు కొట్టింది.

"ఒక్కసారి చూసి నమ్మేస్తే ఎలాగమ్మా? ఇంకోసారి వెయ్యండి" అని డాక్టరు ఆవిడ చేతిలోని సుద్దముక్క లాక్కున్నాడు.

క్లినిక్‌లో ఎదురుచూస్తున్న రోగులకు, ఆ పూట డాక్టరుగారికే ఒంట్లో బాగోలేదని చెప్పి పంపించేశారు.