మంత్రిగారి చేతిరాత

ఇకపై ప్రభుత్వం ప్రజలకు పంపే ప్రతి కాగితం మంత్రిగారి సొంత చేతిరాతలోనే ఉంటుందని ప్రకటన వెలువడింది. పాలన ప్రజలకు ఇంత దగ్గరగా రావడం ఇదే మొదటిసారి.

ఆ చేతిరాతను ఫాంటుగా మార్చే మహాభాగ్యం శాఖ ప్రెస్సులో టెంపరరీగా పనిచేస్తున్న డీటీపీ ఆపరేటరుకు దక్కింది.

"ఈ పని గట్టెక్కించావంటే నిన్ను పర్మనెంట్ చేయిస్తానయ్యా," అన్నారు మంత్రిగారు.

ఇంటికెళ్లి చెబితే భార్య పొంగిపోలేదు. "ముందు ఆర్డరు చేతికి రానివ్వండి. మనం ఇలాంటివి ఎన్ని విన్లేదు?" అంది.

మంత్రిగారు అక్షరాలన్నీ రాసిచ్చారు. ఒత్తులు అక్షరాలకు ఆమడదూరంలో ఉన్నాయి. ఆపరేటరు వాటిని బతిమాలి దగ్గరికి చేర్చాడు, వంకరలు తీశాడు, ఫాంటును పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాడు. మొదటి సర్క్యులర్ మెయిల్లో వెళ్లింది. కింది ఆఫీసుల్లో ఫాంటు లేదు కాబట్టి అది వరసగా ఖాళీ డబ్బాలుగా తెరుచుకుంది.

శాఖ కార్యదర్శిగారు ఒక కింది ఆఫీసుకు ఫోన్ చేశారు. "అర్థమైందా?"

"అయ్యో, అమలు కూడా చేసేశాం సార్!"

తర్వాత ఫాంటును అన్ని సిస్టమ్స్‌లోనూ ఇన్‌స్టాల్ చేశారు. నీళ్ల బిల్లు మొదలుకొని 'లిఫ్టు పనిచేయదు' బోర్డు దాకా మంత్రిగారి చేతిరాతే. ముచ్చటపడిన మంత్రిగారు జేబులోంచి పెన్ను తీసి, 'ఇతణ్ణి వెంటనే పర్మనెంట్ చేయండి' అని అక్కడికక్కడే రాసిచ్చారు. ఆపరేటరుకు కళ్లు చెమర్చాయి.

కార్యదర్శిగారు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు.

"ఇది ఫోర్జరీ."

"సార్! నా కళ్లెదుటే పెన్నుతో రాశారు!"

"మంత్రిగారు పెన్నుతో రాయడమేంటయ్యా? ఈ మూడు సున్నాలు చూడు, మూడూ మూడు రకాలు. ఆయన రాతలో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి."

చేతిదాకా వచ్చిన ఉద్యోగం జారిపోతుంటే ఆపరేటరుకు ఏడుపొచ్చింది. గబగబా సీటుకెళ్లి, అదే వాక్యం ఫాంటులో కొట్టి, ప్రింటు తీసి తెచ్చాడు. కార్యదర్శిగారు రెండు కాగితాలూ మంత్రిగారి ముందు పెట్టారు.

మంత్రిగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇదిగో, ఇది నేను రాసింది," అని ప్రింటు మీద వేలు పెట్టారు. "ఆ రెండోది ఎవడు రాశాడో గానీ, ఛీ, అదేం రాతయ్యా! వాణ్ణి పట్టుకోండి."

సాయంత్రానికల్లా ఆపరేటరు పర్మనెంట్ అయ్యాడు. ఫోర్జరీ చేసినవాడెవడో తేల్చే విచారణను కూడా, మంత్రిగారి రాత బాగా ఎరిగినవాడని, అతనికే అప్పగించారు.