ఎడమవైపు తెలుపు, కుడివైపు నీలం

దొంగతనం చేయదలచిన ప్రతి పౌరుడూ ముందుగా అనుమతి పొందాలి. అనుమతి లేని దొంగతనాన్ని ఏ నాగరిక సమాజమూ సహించదు. ఈ ఉన్నతాశయంతోనే చిత్రీకరణ అనుమతుల కార్యాలయం వెలిసింది. మెట్ల కింద, ఫ్యాను ఉండీ తిరగని ఏడో నంబరు గదిలో దాని కౌంటరు. ఆ కౌంటరు ముందు మన దర్శకుడు తొమ్మిది సార్లు నిలబడ్డాడు. (పదోసారి వెళ్లినప్పుడు గుమాస్తా తలెత్తి, "మీరు ఇక్కడికి కొత్తా?" అని ఆప్యాయంగా పలకరించాడు.)

దర్శకుడు పదకొండేళ్లు ఎవరెవరి దగ్గరో సహాయకుడిగా గొడ్డుచాకిరీ చేసి, నలభయ్యో ఏట సొంత సినిమా మొదలుపెట్టాడు. వృత్తిగా కార్లు కొట్టేసే ముఠా కథ. కథలో నాలుగు దొంగతనాలు, మూడు ఛేజింగులు, పదహారు కార్లు. చేతిలో ఉన్నది ఒక్క కారు. అదీ బావది.

బావ తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారి. కొట్టులో తక్కెడ వెంట్రుకవాసి ఒరిగినా ఊరుకోడు. ఇంట్లో గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడిస్తే దానికీ నోటీసు ఇచ్చే రకం. ఆ కారును ఆయన ఆదివారాలు తుడుస్తాడు, సోమవారాలు చూసుకుంటాడు. అలాంటి మనిషి శిక్షణ కోసం మూడు రోజులు వేరే ఊరు వెళ్లిన పూట, అక్క తమ్ముడి చేతిలో తాళం పెట్టింది.

"ఆయన ఎల్లుండి సాయంత్రానికి వస్తారు. గీత పడిందో, నీకు మా గడప తొక్కే యోగం ఉండదు. నాకు దాటే యోగం ఉండదు" అంది.

"గీత కాదక్కా, మరక కూడా పడదు" అన్నాడు తమ్ముడు. ఆ సాయంత్రమే కారు కుడివైపంతా నీలం రంగు వేయించాడు. (నీళ్లతో కడిగితే పోయే రంగే.) ఎడమవైపు నుంచి తీస్తే దొంగల తెల్ల కారు. కుడివైపు నుంచి తీస్తే తరుముకొచ్చే పోలీసుల నీలం కారు. ఆ విధంగా ఒకే కారు తనను తాను పట్టుకోలేక మర్నాడు ఉదయమంతా వీధిలో చెమటోడ్చింది. ముఠా నాయకుడి వేషం నాటకాల్లో రాజు పాత్రలు వేసే పెద్దాయనది. అలవాటు కొద్దీ ఆయన కారు దొంగిలించే ముందు చెప్పులు విప్పి బయట పెట్టేవాడు. నాలుగు టేకులు అక్కడే పోయాయి.

ఎడమ పక్క మేడ మీది విశ్రాంత ఉపాధ్యాయుడు తెల్ల కారు దొంగతనం జరిగిందని ఫోను చేశాడు. కుడి పక్క కొట్టులోని దర్జీ నీలం కారు దొంగతనం జరిగిందని ఫోను చేశాడు. ఇద్దరూ చూసిందే చెప్పారు. యూనిట్ టీ తాగుతుండగా వాహన స్వాధీన కార్యాలయం వారి క్రేను వచ్చి, చూస్తుండగానే కారును ఎత్తుకుపోయింది. (మూడు ఛేజింగుల్లోనూ ఆ వేగం రాలేదు.)

దర్శకుడు అనుమతి పత్రం పట్టుకుని పరుగెత్తాడు. స్వాధీనాధికారిణి మహా మర్యాదస్తురాలు. కుర్చీ చూపించి, కళ్లజోడు సవరించుకుని పత్రం చదివింది.

"ఉదయం పది నుంచి పన్నెండు వరకు కారు దొంగతనం అని మీ కాగితమే చెబుతోంది. సాక్షులూ అదే చెబుతున్నారు. ఇంకా అనుమానం ఎక్కడుందండీ?"

(రెండు కార్యాలయాల కాగితాలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం అదే మొదటిసారి. సిబ్బంది లేచి నిలబడి చూశారు.)

"అది సినిమా అండీ!"

"సినిమా అన్న గడి మా ఫారంలో లేదండీ. యజమానిని పిలిపించండి."

మర్నాడు మధ్యాహ్నానికి బావ బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని నేరుగా అక్కడికే వచ్చాడు. అక్క అప్పటికే బల్ల మీద కూర్చుని చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. బావ ముందు ఆవరణలో ఉన్న కారును చూశాడు. చుట్టూ తిరిగి రెండో వైపూ చూశాడు. తిట్టి ఉంటే బాగుండునని దర్శకుడికి అనిపించింది.

ఫారంలో ఏడో ప్రశ్న: "వాహనమును యజమాని స్వహస్తములతో, ఇష్టపూర్వకముగా అప్పగించెనా?" అవును అంటే ఇంటికి. కాదంటే బావమరిది జైలుకి. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో బావ ఒక్క తప్పుడు కాగితం మీద సంతకం పెట్టి ఎరగడు. కలం మూత తీశాడు. ఆగాడు.

"తాళం ఎవరిచ్చారు?" అన్నాడు బావ, ఎవరివైపూ చూడకుండా.

"నేనే" అంది అక్క.

బావ అధికారిణి వైపు తిరిగాడు. "నా చెయ్యి వేరు, మా ఆవిడ చెయ్యి వేరు అని ఈ ఫారంలో ఎక్కడైనా రాసుందా అండీ?"

ఆవిడ ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. "లేదండీ."

బావ 'అవును' అని రాశాడు. అక్క ముఖం తిప్పుకుని కళ్లు ఒత్తుకుంది.

"అయితే దొంగతనం జరగలేదన్నమాట" అంది అధికారిణి విచారంగా. "అనుమతి తీసుకుని కూడా దొంగతనం చేయకపోవడం నియమోల్లంఘన. ఇకమీదట తప్పకుండా చేస్తానని క్షమాపణ రాసివ్వండి."

దర్శకుడు రాసిచ్చాడు. ఆవిడ ముద్ర కొట్టింది.

"ఇక తెల్ల కారు తీసుకెళ్లండి. నీలం కారు మాత్రం కేసు తేలేదాకా ఇక్కడే ఉండాలి."

"రెండూ ఒకటే కదండీ" అన్నాడు బావ.

"ఫిర్యాదులు రెండండీ."

బావ సంచీ అక్క పక్కన పెట్టాడు. చొక్కా చేతులు మడిచి, ఆవరణలోని కుళాయి కింద బకెట్ పెట్టాడు. దర్శకుడు గుడ్డ అందుకున్నాడు. బావా బావమరుదులు కలిసి చేసిన మొదటి పని అదే. అరగంటలో కారు నాలుగు వైపులా తెల్లగా మెరిసింది. అధికారిణి గుమ్మంలోకి వచ్చి, తేరిపార చూసి, రిజిస్టరు తెరిచి రాసింది: "మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నీలం కారు కార్యాలయ ఆవరణలోనే అపహరణకు గురైనది. అనుమానితులు ఇద్దరు. చేతులకు రంగు."

ఇంటికి వెళ్తున్నప్పుడు బావ అడిగాడు. "మీ సినిమాలో దొంగలు ఒక కారు కొట్టేయడానికి ఎంతసేపు తీసుకుంటారు?"

"మూడు నెలలు ప్లాన్ వేస్తారు బావా."

"తగ్గించు" అన్నాడు బావ.

సినిమా రెండు థియేటర్లలో ఐదు రోజులు ఆడింది. కేసు మాత్రం బాగా ఆడుతోంది. ప్రతి నెలా మొదటి సోమవారం ఇద్దరూ తెల్ల కారులో విచారణకు వెళ్లి, దాన్ని ఆవరణలోనే నిలిపి, నీలం కారు గురించి తమకేమీ తెలియదని సంతకాలు చేసి వస్తున్నారు. పోయిన వారం బావకు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. గాలింపు బృందానికి వాహనం లేని కారణంగా, నీలం కారును వెతకడానికి తెల్ల కారును వెంటనే అప్పగించవలసిందిగా అందులో కోరారు.