క్యాచర్ ఇంటి ముందు సామాను లారీ

డివిజన్‌లోని అయిదు జట్లకూ మధ్యాహ్నం లోపల మార్కులు వేసేసి, సాయంత్రం భార్యతో కలిసి సరస్సు ఒడ్డు హోటల్లో చేపల వేపుడు తినాలన్నది ఆ శనివారం పొద్దున ఆర్విల్ స్టెంగర్ పెట్టుకున్న కార్యక్రమం. టొలీడో పత్రికలో ఏటా జనవరిలో అతను రాసే కాలమ్ అది. ఆటలు లేని చలికాలంలో ఏ జట్టు ఎవర్ని కొనుక్కుంది, ఎవర్ని వదిలించుకుంది, ఎవర్ని ఇచ్చి ఎవర్ని తెచ్చుకుంది అని తూకం వేసి, బడిపిల్లలకు వేసినట్టు ఎ నుంచి ఎఫ్ దాకా మార్కులు వేస్తాడు. బేస్‌బాల్ లేని నెలల్లో ఊరు ఊరంతా ఈ కబుర్ల మీదే బతుకుతుంది.

నిరుడు ఆ కాలమ్ అతని కొంప ముంచినంత పని చేసింది. ఎ వేసిన ఓమహా జట్టు అట్టడుగున తేలింది. ఎఫ్ వేసిన ఇండియానాపోలిస్ కప్పు ఎత్తుకుపోయింది. ఎడిటర్ గ్లెండా కొవాల్‌చిక్ అప్పుడే తేల్చి చెప్పింది. "ఇంకోసారి ఇలా పరువు తీశావంటే నీ జాగాలో గళ్ల నుడికట్టు వేసేస్తా ఆర్విల్. జనం కనీసం అదైనా పూర్తి చేస్తారు." ఆర్విల్‌కు ఆ కాలమ్ తప్ప వేరే లోకం లేదు.

అందుకే ఈసారి ఆచితూచి వేస్తున్నాడు. లూయీవిల్ వాళ్లు మోకాళ్లు అరిగిపోయిన ముసలి బ్యాటర్‌ను కొన్నారు, డి చాలు. కొలంబస్ బంతి విసిరే మంచి పిచర్లను ఇద్దర్ని తెచ్చుకుంది, బి వేయొచ్చు. ఓమహా జోలికి పోదలుచుకోలేదు కనుక మధ్యస్తంగా సి పడేశాడు. ఇండియానాపోలిస్‌కు అన్నీ అమరాయి గానీ బంతి పట్టే క్యాచరే లేడు. ఉన్నవాడు భుజం విరగ్గొట్టుకున్నాడు. క్యాచర్ లేకుండా వాళ్లు ఏ ధైర్యంతో ఊరుకున్నారో ఆర్విల్‌కు ఎంత బుర్ర గోక్కున్నా అంతు పట్టలేదు. ఇక సొంత ఊరి జట్టు హెరాన్స్ సంగతికొస్తే, చలికాలమంతా వాళ్లు చీపురుపుల్ల కూడా అటుదిటు జరపలేదు.

"ఏమీ చెయ్యని వాడికి ఎన్ని మార్కులు వెయ్యాలంటావు?" అని భార్య బెర్నడెట్‌ను అడిగాడు.

"పరీక్షకే రాని పిల్లాడికి ఎన్ని వేస్తారో అన్ని," అంది ఆమె గుడ్లు వేపుతూ.

"అలా అంటే ఎలాగే? మనకి వేడ్ ఓస్‌గుడ్ ఉన్నాడు. డివిజన్ మొత్తం మీద అలాంటి క్యాచర్ ఇంకోడు లేడు. వాణ్ణి పోగొట్టుకోకుండా ఉండటం కూడా ఒక పనే కదా?"

"అయితే నాకూ ఎ వెయ్యి. ఇన్నేళ్లూ నేనూ నిన్ను పోగొట్టుకోలేదు."

ఆలోచన తెగక కుక్కను తీసుకుని బయటికి నడిచాడు. రెండు వీధులు దాటాక కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. వేడ్ ఓస్‌గుడ్ ఇంటి ముందు సామాను లారీ నిలబడి ఉంది. మంచులో జారుతూ ఇద్దరు మనుషులు పడక కుర్చీని ఎక్కిస్తున్నారు. ఒకరి విషయంలో వేలు పెట్టకూడదని ఆర్విల్‌కు తెలుసు. కానీ తెలుసుకోకపోతే ఆ పూట అన్నం సహించదని కూడా తెలుసు.

"ఎక్కడికి బాబూ ఈ సామాను?" అని డ్రైవర్‌ను అడిగాడు.

"ఇండియానాపోలిస్‌కండీ. చీకటి పడకముందే దింపెయ్యాలి."

ఆర్విల్ చేతిలోంచి కుక్క తాడు జారిపోయింది. క్యాచర్ లేని జట్టున్న ఊరికి క్యాచర్ ఇంటి సామాను వెళుతోంది. వాళ్లు ఎందుకు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారో ఇప్పుడర్థమైంది. అక్కడి నుంచే గ్లెండాకు ఫోన్ చేశాడు.

"లారీ చూసి వార్త రాస్తే కోర్టు చుట్టూ తిరగాలి," అంది గ్లెండా. "ఇంకొకళ్ల నోట విను. ఆ తర్వాత చూద్దాం."

ఇంకొకళ్ల కోసం అతను మూల మీది ఫలహారశాలకు పోయి, దాన్ని నడిపే డోరీన్ చేత కాఫీ పోయించుకుని కూర్చున్నాడు. ఊళ్లో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో డోరీన్‌కు తెలియకుండా ఉండదు. "వేడ్ వాళ్లు ఇండియానాపోలిస్ వెళ్లిపోతున్నారట, నీకేమైనా తెలిసిందా?" అని అడిగాడు.

"అదా సంగతి," అంది డోరీన్. "మొన్న కొట్లో వాళ్లావిడ కార్లీన్ అట్టపెట్టెలు కొంటూ కనిపించింది. నేనేమో పాతబట్టలు చర్చికి ఇవ్వడానికి అనుకున్నా."

అతను ఇటు తలుపు దాటాడో లేదో, అటు గ్లెండా తన వంతుగా ఆరా తీద్దామని డోరీన్‌కే ఫోన్ చేసింది. "అవునమ్మా, వెళ్లిపోతున్నారు. తెలిసినవాళ్లే చెప్పారు," అంది డోరీన్. తెలిసినవాళ్లు ఎవరని గ్లెండా అడగలేదు, డోరీన్ చెప్పనూ లేదు. జట్టు ఆఫీసుకు ఫోన్ చేస్తే, మార్పిళ్ల గురించి వచ్చే పుకార్ల మీద తాము మాట్లాడమని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. ఆ మాటకు ఔననే అర్థమని ఆ వ్యాపారంలో పుట్టి పెరిగిన వాళ్లందరి నమ్మకం. వార్త కాస్తా పత్రిక వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. హెరాన్స్‌కు ఎఫ్, ఇండియానాపోలిస్‌కు ఎ. కాసేపటికి వంటింట్లో రేడియో కూడా అదే వార్త చదివింది. ఆర్విల్ ఛాతీ విరుచుకున్నాడు. "విన్నావా? రేడియో వాళ్లకీ తెలిసిపోయింది. ఇక తిరుగులేదు."

"వాళ్లకి నువ్వు కాక ఇంకెవరు చెప్పారో కనుక్కోరాదూ?" అంది బెర్నడెట్. ఆ ప్రశ్న అతనికి బొత్తిగా నచ్చలేదు.

వేడ్‌తో నాలుగు మాటలు మాట్లాడి రాద్దామని మధ్యాహ్నం వెళ్లేసరికి ఆ ఇంటి ముందు తిరణాల జరుగుతోంది. ఊరొదిలి పోయేవాళ్లకు వండి తీసుకెళ్లడం అక్కడి అలవాటు. నూడుల్స్ పళ్లేలు, బంగాళదుంప బేకులు పట్టుకుని జనం మంచులో నిలబడ్డారు. పెద్ద మీసాల పోస్టుమాస్టరు బావురుమని ఏడుస్తున్నాడు. కొందరి చేతుల్లో అట్టముక్కలు, వాటి మీద 'దయచేసి వెళ్లొద్దు' అని రాతలు.

వేడ్ ఆర్విల్‌ను చూసి, చెయ్యి పట్టుకుని గ్యారేజీలోకి లాక్కెళ్లాడు. ఆ చెయ్యి బంతుల్నే కాదు, మనుషుల్నీ గట్టిగానే పట్టుకోగలదు.

"మీకేం అన్యాయం చేశాను సార్? వెళ్లేది మేం కాదు, మా అత్తగారు."

"అత్తగారా?"

"విల్మా అత్తయ్య. మూడేళ్లుగా మా దగ్గరే ఉంది. రోజూ భోజనం దగ్గర నా బ్యాటింగు మీద క్లాసు పీకుతుంది. ఆ బంతి ఎందుకు వదిలేశావు, ఈ బంతికి ఎందుకు ఊపావు అని. ఇండియానాపోలిస్‌లో పెద్దకూతురి దగ్గరికి వెళ్లడానికి ఇన్నాళ్లకి ఒప్పుకుంది. లారీ ఎక్కేదాకా నోరు మూసుకుని ఉందామనుకున్నా. ఇంతలో మీరొచ్చారు."

ఆర్విల్ మనసులో లెక్క వేసుకున్నాడు. కాలమ్ పోయింది, పరువు పోయింది. ఇక గళ్ల నుడికట్టే. వెళ్లి జనానికి నిజం చెప్పేద్దామని ఇద్దరూ బయటికి వచ్చేలోపే వీధి తలుపు తెరుచుకుంది. కోటు వేసుకుని, చంకన చేతిసంచి పెట్టుకుని విల్మా గడప మీద నిలబడింది. జనాన్ని చూసింది. అట్టముక్కలు చదివింది. పోస్టుమాస్టరు కన్నీళ్లు చూసింది. రోజూ ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని తను తిట్టే మనిషి తన కోసం ఇలా కుమిలిపోతాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. చేతిసంచి గడప మీద పెట్టేసింది.

"సామాను దింపండి," అంది డ్రైవర్‌తో. "ఇంతమంది మనసు కష్టపెట్టి పోవడానికి నేనేం రాయిని కాదు. ఈ ఇంటి గడప ఇక దాటను. ఇండియానాపోలిస్ మొహం చూస్తే ఒట్టు."

సామాను దిగుతోందంటే క్యాచర్ ఉంటున్నాడని జనానికి అర్థమైంది. వీధి దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. విల్మా రెండు చేతులూ జోడించి అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. పోస్టుమాస్టరు వెళ్లి ఆవిణ్ణి కౌగిలించుకున్నాడు. వేడ్ మాత్రం గ్యారేజీ గోడకు చేరగిలబడిపోయాడు. లారీలోంచి పడక కుర్చీ తిరిగి ఇంట్లోకి వెళ్లడం అతను రెప్ప వాల్చకుండా చూశాడు. ఆ మొహం చూసి ఆర్విల్ తన బాధ కాసేపు మరిచిపోయాడు.

తర్వాత జరిగిందంతా గ్లెండాకు ఫోనులో చెప్పేశాడు. "సవరణ నేనే రాసుకుంటాను. సోమవారం వచ్చి నీ బల్ల ఖాళీ చెయ్యి," అంది. ఆదివారమంతా ఆర్విల్ కిటికీ దగ్గర కూర్చుని మంచును చూశాడు. బెర్నడెట్ వెక్కిరించకుండా కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. ఆమె వెక్కిరించకపోవడంతో అతనికి మరీ భయమేసింది.

సోమవారం అట్టపెట్టె పట్టుకుని ఆఫీసులో అడుగు పెట్టగానే గ్లెండా ఎదురొచ్చి ఆ పెట్టె లాక్కుంది. వేడ్ ఓస్‌గుడ్‌ను ఇండియానాపోలిస్‌కు ఇచ్చేసి, బదులుగా ఇద్దరు కుర్ర పిచర్లను తెచ్చుకున్నట్టు హెరాన్స్ అప్పుడే ప్రకటించింది. కుటుంబ కారణాల వల్ల వేడే అడిగి వెళ్లాడట. దేశం మొత్తంలో ఆ వార్త ముందుగా రాసింది ఆర్విల్ ఒక్కడేనట.

"ఎలా పట్టావు?" అంది గ్లెండా కళ్లు పెద్దవి చేసి. "సవరణ వేసినందుకు ఇప్పుడు ఇంకో సవరణ వెయ్యాల్సొచ్చింది. నీ కాలమ్‌ని ఇక ఎవడూ ముట్టుకోడు, సరేనా?"

ఆర్విల్ కుర్చీలో కూర్చునేలోపే ఫోన్ మోగింది. వేడ్.

"మీ మేలు మరిచిపోను సార్. ఇండియానాపోలిస్ మొహం చూడనని అత్తయ్య ఊరందరి ముందూ ఒట్టేసుకుంది. అంతకన్నా భద్రమైన ఊరు నాకు డివిజన్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఆ ఇల్లు ఆవిడకే రాసిచ్చేస్తున్నాం. పోస్టుమాస్టరు నిన్న రెండు పూటలా భోజనానికొచ్చాడు."

ఆ చలికాలంలో డివిజన్ మొత్తం మీద ఎ మార్కుకు అర్హమైన ఎత్తుగడ ఒక అల్లుడిదేనని ఆర్విల్ రాసిచ్చాడు గానీ, అల్లుళ్లు ఏ జట్టు కిందికీ రారని గ్లెండా కొట్టేసింది.